రామేశ్వరం ద్వీపాన్ని రెండు రోజుల్లో తీరిగ్గా చూడడం ఎలా: సమగ్ర మార్గదర్శి

రామేశ్వరం వెళ్లివచ్చిన చాలామంది చెప్పే మాట ఒకటే: "స్నానాలు చేశాం, దర్శనం అయింది, ధనుష్కోటికి వెళ్లేసరికి గేటు మూసేశారు." వెళ్లబోయేవారు అడిగే ప్రశ్నలూ దాదాపు ఇవే. గుడిలోని 22 తీర్థాల స్నానం ముందా, దర్శనం ముందా? ద్వీపం చివరన ఉన్న ధనుష్కోటికి ఏ వేళలో బయలుదేరాలి? ఒక్క రోజు సరిపోదా? ఈ ప్రశ్నలన్నిటికీ వరుస క్రమంలో సమాధానం చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఈ ద్వీపంలో మూడు వేళలను గమనించి నడవాలి: గుడి వేళ, ధనుష్కోటి చెక్‌పోస్టు వేళ, ఎండ వేళ. చూడవలసిన స్థలాల జాబితా ఎవరైనా ఇస్తారు. వాటిని ఏ వరుసలో చూడాలన్నది తెలియకపోతే మాత్రం సగం రోజు ఆటోలోను, మిగతా సగం మూసిన తలుపుల ముందు గడిచిపోతుంది.

## 1. ఎన్ని రోజులు, ఏ నెల

రెండు రాత్రులు, రెండు పూర్తి పగళ్లు ఉండేలా ప్రణాళిక వేసుకోవాలి. ఒక్క పగటిలో గుడి, ధనుష్కోటి రెండూ చూడవచ్చు గానీ, అలా చూసినవారికి తడి బట్టలు, వరుసలు తప్ప మరేమీ గుర్తుండదు.

జనవరి నుంచి మార్చి వరకు అనువైన కాలం. ఎండ భరించగలిగేలా ఉంటుంది, సముద్రం మీది గాలి హాయిగా ఉంటుంది, ధనుష్కోటి దారిలోని నీటి మడుగుల్లో రాజహంసలు (ఫ్లెమింగోలు) కనబడే అవకాశం కూడా ఈ నెలల్లోనే ఎక్కువ. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాల వానలు, వాయుగుండాలు వస్తాయి. ఆ రోజుల్లో వెళ్లక తప్పకపోతే తిరుగు ప్రయాణానికి ఒక రోజు అదనంగా ఉంచుకోవాలి. ఏప్రిల్, మే నెలల్లో ఉదయం 10 దాటితే గుడి బయటి రాతి నేలపై చెప్పులు లేకుండా నడవడం కష్టం.

తేదీలు ఖరారు చేసే ముందు పంచాంగం తప్పక చూడాలి. అమావాస్య నాడు, అందులోనూ పుష్య, ఆషాఢ, మహాలయ అమావాస్యల నాడు పితృకార్యాల కోసం లక్షలాదిగా జనం వస్తారు. తర్పణాలు విడవడానికే వెళ్లేవారికి అవి తగిన రోజులు. ద్వీపం చూడాలని వెళ్లేవారు మాత్రం ఆ తేదీకి ముందు వెనుక రెండేసి రోజులు వదిలిపెట్టడం మంచిది.

## 2. చేరుకునే దారి

రామేశ్వరం పట్టణం ఉన్నది పాంబన్ ద్వీపంలో. ప్రధాన భూభాగంలోని మండపం నుంచి ద్వీపానికి ఒక రోడ్డు వంతెన, ఒక రైలు వంతెన ఉన్నాయి. దగ్గరి పెద్ద విమానాశ్రయం మదురై. అక్కడి నుంచి రోడ్డు మీద సుమారు 170 కి.మీ.; మధ్యలో ఆగకుండా వస్తే మూడున్నర గంటలు పడుతుంది.

తెలుగు ప్రాంతాల నుంచి వెళ్లేవారికి తిరుపతి నుంచి నేరుగా రామేశ్వరం వెళ్లే రైలు ఉంది, అయితే అది అన్ని రోజులూ నడవదు. చెన్నై మీదుగా రాత్రి రైళ్లు ఉన్నాయి. ఇక్కడ చాలామంది పొరబడతారు: మన రైళ్లు ఎక్కువగా చెన్నై సెంట్రల్‌కు చేరతాయి, రామేశ్వరం రైళ్లు ఎగ్మూరు, తాంబరం వైపు నుంచి బయలుదేరతాయి. టికెట్టుపై ఎక్కవలసిన స్టేషను పేరు చూసుకుని, రెండు రైళ్ల మధ్య కనీసం మూడు గంటల వ్యవధి పెట్టుకోవాలి.

ఇంటర్నెట్‌లో దొరికే పాత సమాచారంలో "రైలు మండపం వరకే వెళ్తుంది, అక్కడి నుంచి బస్సు ఎక్కాలి" అని కనబడుతుంది. అది 2022 డిసెంబరులో పాత పాంబన్ వంతెనపై రైళ్లు ఆపేసిన నాటి మాట. కొత్త వంతెన 2025 ఏప్రిల్ 6న ప్రారంభమైంది, రైళ్లు మళ్లీ రామేశ్వరం స్టేషను దాకా వెళ్తున్నాయి. కాబట్టి టికెట్టు రామేశ్వరానికే తీసుకోవాలి.

## 3. బస

గుడి చుట్టూ ఉన్న నాలుగు వీధుల్లో గాని, వాటికి నడక దూరంలో గాని గది తీసుకోవాలి. స్నానం ముగించి తడి బట్టలతో గదికి రావడం, బట్టలు మార్చుకుని మళ్లీ గుడికి వెళ్లడం తప్పదు గనుక ఈ దూరమే అన్నిటికంటే ముఖ్యం. ఊరి బయట సముద్రం కనబడే గదులు బాగుంటాయి గానీ, తెల్లవారుజామున నాలుగున్నరకు అక్కడ ఆటో దొరకడం కష్టం.

గది తీసుకునేటప్పుడు రెండు సంగతులు అడగాలి. మొదటిది, కుళాయిలో వచ్చేది ఉప్పు నీరా, మంచి నీరా. రెండవది, తడి బట్టలు ఆరేసుకోవడానికి మేడ మీద తాడు ఉందా. తెలుగువారి సత్రాలు కూడా ఇక్కడ ఉన్నాయి. వాటిలో పండుగ రోజులకు గదులు చాలా ముందే నిండిపోతాయి.

## 4. సంచిలో ఉండవలసినవి

- స్నానానికి రెండు జతల పలుచని నూలు బట్టలు, ముదురు రంగువైతే మేలు. జీన్సు ప్యాంట్లు తడిస్తే బరువెక్కి నడవనివ్వవు.
- దర్శనానికి విడిగా ఒక జత సంప్రదాయ దుస్తులు, తుండుగుడ్డ.
- తడి బట్టలు వేసుకోవడానికి రెండు గట్టి ప్లాస్టిక్ సంచులు.
- చిల్లర నోట్లు, జిప్ ఉన్న చిన్న కవరులో.
- ధనుష్కోటికి టోపీ, చలువ కళ్లద్దాలు, మనిషికి రెండు లీటర్ల నీరు.
- గాలికి ఎగరని దుస్తులు. ధనుష్కోటిలో చీర కొంగును, చున్నీని పిన్నుతో బిగించుకోవాలి.
- పక్షులపై ఆసక్తి ఉంటే బైనాక్యులర్లు.
- ఆధార్ కార్డు అసలుది, దాని నకలు ఒకటి.

నగలు ఇంట్లోనే వదిలి వెళ్లాలి. బకెట్టు నీళ్లు తలపై పడేటప్పుడు గొలుసు జారినా, చెవి కమ్మ ఊడినా ఆ తడి రాళ్ల మధ్య వెతకడం అసాధ్యం.

## 5. మొదటి రోజు ఉదయం: గుడి, స్నానం, దర్శనం

ఈ పూట వరుస తప్పితే రోజంతా తప్పుతుంది కనుక దీన్ని కాస్త వివరంగా చెబుతాను.

5.1 స్ఫటిక లింగ దర్శనం (ఉదయం 5 నుంచి 6). రామనాథస్వామి ఆలయం ఉదయం 5 గంటలకు తెరుస్తారు. స్ఫటిక లింగ దర్శనం ఆ మొదటి గంటలోనే ఉంటుంది, దానికి టికెట్టు ఉంటుంది. గదిలో స్నానం చేసి, పొడి బట్టలతో నాలుగున్నరకల్లా వరుసలో నిలబడాలి. తీర్థ స్నానం దీని తర్వాతే. "ముందు 22 బావులు, తర్వాత స్ఫటిక లింగం" అనుకునేవారికి ఆ రోజు స్ఫటిక లింగం దక్కదు.

ఫోను గది నుంచే తేవద్దు. లోపలికి అనుమతించరు. భద్రపరచుకునే కౌంటర్లు ఉన్నా, తిరిగి తీసుకునేటప్పుడు అక్కడ అరగంట పోతుంది.

5.2 అగ్ని తీర్థం (6 నుంచి 7). తూర్పు గోపురం నుంచి నేరుగా నడిస్తే వచ్చే సముద్ర తీరమే అగ్ని తీర్థం. సూర్యోదయం చూడడానికి ధనుష్కోటికి పరుగెత్తనక్కర లేదు, ఈ మెట్ల మీది నుంచే చక్కగా కనబడుతుంది. ఇక్కడ నీరు లోతు తక్కువ, అలలు చిన్నవి. అయితే అడుగున నాచు, జనం వదిలేసిన బట్టలు ఉంటాయి. కాలు నేలకు రాస్తూ మెల్లగా దిగాలి. పాత బట్టలు సముద్రంలో వదలవద్దు. అవి కాళ్లకు చుట్టుకుని వెనుక వచ్చేవారు పడిపోతారు.

సంకల్పం చెప్పే పురోహితులు ఒడ్డునే ఉంటారు. దక్షిణ ఎంతో ముందే మాట్లాడుకున్న తర్వాతే కూర్చోవాలి. ఈ ఒక్క జాగ్రత్తతో ఇక్కడి తగవుల్లో చాలా భాగం రాకుండా పోతుంది.

5.3 ఇరవై రెండు తీర్థాలు (7 నుంచి 8:30). ఆలయ ప్రాంగణంలో 22 తీర్థాలు ఉన్నాయి, వాటిలో ఎక్కువ భాగం బావులు. మహాలక్ష్మీ తీర్థంతో మొదలై కోటి తీర్థంతో ముగుస్తాయి. ప్రతి తీర్థానికీ సంఖ్య రాసి ఉంటుంది కనుక దారి తప్పే భయం లేదు. దేవస్థానం కౌంటరులో బోర్డుపై రాసిన ధరకు టికెట్టు తీసుకుని లోపలికి వెళ్లాలి.

బావి అంచుపై నిలబడిన మనిషి తాడు కట్టిన బకెట్టును జారవిడుస్తాడు. అడుగున చప్పుడైన మరుక్షణం మణికట్టు ఒక్కసారి తిప్పి, రెండు మూడు బారల్లో పైకి లాగి, వంచిన తలలపై ఒకే ఊపున కుమ్మరిస్తాడు. ఆ నీరు పడేటప్పుడు నోరు మూసుకుని, తల ముందుకు వంచి, పక్కవారి చేయి పట్టుకుని ఉండాలి. సముద్రానికి కూతవేటు దూరంలో ఉన్న ఈ బావుల్లో ఒక దాని నీరు చల్లగా, పక్క దాని నీరు కాస్త వెచ్చగా, ఒకటి తియ్యగా, ఇంకొకటి ఉప్పుదనంతో తగులుతాయి. హడావిడిగా పరుగెత్తేవారికి ఈ తేడా తెలియదు.

నీళ్లు తోడే వ్యక్తిని కుటుంబమంతటికీ వెంట మాట్లాడుకునే పద్ధతి ఉంది. అతను బకెట్టుతో పాటు నడుస్తూ ప్రతి బావి దగ్గరా తోడి పోస్తాడు. టికెట్టు ధర వేరు, అతనికి ఇచ్చేది వేరు. ఎంత మంది, ఎంత మొత్తం, 22 బావులకూ కలిపేనా అన్న మూడు ప్రశ్నలూ మొదటి బావికి ముందే తేల్చుకోవాలి. ఎవరినీ మాట్లాడుకోకపోయినా స్నానం ఆగదు. ప్రతి బావి దగ్గరా దేవస్థానం తరఫున నీళ్లు పోసేవారు ఉంటారు, వరుసలో కొంచెం ఎక్కువ సేపు నిలబడాలి, అంతే.

అసలు ప్రమాదం నేలతో. వేలమంది తడి పాదాలు నడిచిన రాయి అద్దంలా జారుతుంది. మొదటిసారి వెళ్లినప్పుడు మా అమ్మ తొమ్మిదో బావికి, పదో బావికి మధ్య జారి మోకాలిపై పడింది. ముందు వెళ్తున్న గుంపును అందుకోవాలని నేనే తొందరపెట్టాను. ఆ మోకాలి నొప్పి వల్ల మరునాడు ఆమె ధనుష్కోటిలో వాహనం దిగలేకపోయింది. అప్పటి నుంచి నేను పాటించే నియమం ఒకటే: పెద్దవారికి ముందు ఒకరు, వెనుక ఒకరు నడవాలి, గుంపు వెళ్లిపోయినా పోనివ్వాలి.

5.4 బట్టలు మార్చుకోవడం. తడి బట్టలతో గర్భాలయం వైపు దర్శనానికి పంపరు. బట్టలు మార్చుకునే గదులు గుడి దగ్గర ఉన్నాయి గానీ రద్దీగా ఉంటాయి. గది నడక దూరంలో ఉంటే అక్కడికే వెళ్లి మార్చుకుని, వేడివేడిగా ఏదైనా తిని రావడం మంచిది. పిల్లలు ఆ సమయానికి చలికి వణుకుతుంటారు.

5.5 ప్రధాన దర్శనం (9 నుంచి 11). లోపల రెండు లింగాలు ఉన్నాయి. హనుమంతుడు తెచ్చిన విశ్వలింగానికి మొదట పూజ, తర్వాత సీతమ్మ ఇసుకతో చేసిన రామలింగానికి పూజ అన్నది ఇక్కడి క్రమం. దర్శనం కూడా ఆ వరుసలోనే చేసుకోవడం సంప్రదాయం. గంగాజలాభిషేకానికి విడిగా టికెట్టు ఉంటుంది. కాశీ నుంచి గంగ తెచ్చినవారు దానిని దేవస్థానం కౌంటరులోనే అప్పగించాలి, మధ్యవర్తులకు ఇవ్వకూడదు.

గుడి మధ్యాహ్నం 1 గంటకు మూసి 3 గంటలకు తెరుస్తారు. పండుగ రోజుల్లో ఈ వేళలు మారతాయి కనుక ముందురోజు సాయంత్రం గుడి బోర్డు చూసుకోవాలి.

## 6. మొదటి రోజు మధ్యాహ్నం, సాయంత్రం

భోజనం చేసి రెండు గంటలు పడుకోవాలి. ఈ విశ్రాంతిని తీసేసినవారు సాయంత్రానికి దేన్నీ ఇష్టంగా చూడలేరు.

మూడు గంటలకు గుడి తెరవగానే మళ్లీ వెళ్లి, ఈసారి కేవలం మూడో ప్రాకారం చుట్టూ నడవాలి. 1212 స్తంభాలున్న ఆ నడవాల్లో ఉదయం కనబడేవి ముందున్నవారి వీపులే. మధ్యాహ్నం తెరిచిన తొలి అరగంటలో మాత్రం ఒక మూల నిలబడితే స్తంభాల వరుస చివరిదాకా కనబడుతుంది. దర్శనం వరుసలో నిలబడవలసిన పని లేదు గనుక ముప్పావుగంట చాలు.

అక్కడి నుంచి మసీదు వీధిలోని అబ్దుల్ కలాం గారి ఇంటికి నడిచి వెళ్లవచ్చు. పై అంతస్తులో ఆయన వస్తువులు, ఛాయాచిత్రాలు ఉన్నాయి. మెట్లు ఇరుకుగా ఉంటాయి, మోకాళ్ల నొప్పులున్నవారు ఆలోచించుకోవాలి.

ఐదు గంటలకు ఆటోలో గంధమాదన పర్వతానికి బయలుదేరాలి. దీనినే ఇక్కడ రామర్ పాదం అంటారు. పట్టణం నుంచి సుమారు 3 కి.మీ. దూరం. పర్వతమని పేరే గానీ ఇది ఇసుక దిబ్బపై కట్టిన చిన్న మండపం, ఎక్కవలసిన మెట్లు కొద్దిపాటివే. ద్వీపంలో ఎత్తైన చోటు ఇదే కావడంతో కొబ్బరి తోటలు, టీవీ టవరు, గోపురం, రెండు వైపులా సముద్రం ఒకే చూపులో అందుతాయి. దారిలోనే సాక్షి హనుమాన్ గుడి ఉంది, వెళ్లేటప్పుడే చూసేయాలి. చీకటి పడకముందే కిందికి దిగడం మంచిది.

## 7. రెండవ రోజు ఉదయం: ధనుష్కోటి

నన్ను అడిగితే ఈ ద్వీపంలో అన్నిటికంటే ఎక్కువ సమయం ఇవ్వవలసిన చోటు ఇది. చాలామంది దీనిని సాయంత్రానికి పెట్టుకుని నష్టపోతారు.

7.1 బయలుదేరే వేళ. దారిలో చెక్‌పోస్టు ఉంది. ఉదయం సుమారు 6 గంటలకు వాహనాలను వదులుతారు. సాయంత్రం 5 సమయానికి కొత్తగా వచ్చేవారిని ఆపి, లోపలివారిని వెనక్కి పంపడం మొదలుపెడతారు. గాలివాన హెచ్చరిక ఉంటే రోజంతా పంపరు. ముందురోజు రాత్రి ఆటోవారినో, లాడ్జివారినో అడిగి ఆనాటి వేళ తెలుసుకుని, తెరిచే సమయానికి అక్కడ ఉండాలి. ఉదయం 9 దాటితే ఎండ, 10 దాటితే బస్సుల రద్దీ. సెలవు రోజుల్లో రోడ్డు ముగిసే వలయం దగ్గర వాహనాలు చాలా దూరం నిలిచిపోతాయి.

7.2 వాహనం. గుడి నుంచి చివరి కొస అయిన అరిచల్‌మునై దాకా సుమారు 20 కి.మీ. 2017లో తారు రోడ్డు తెరిచిన తర్వాత ఆటో, కారు, ప్రభుత్వ బస్సు అన్నీ అక్కడి దాకా వెళ్తున్నాయి. ఇసుకలో జీపులు ఎక్కాలని చెప్పే పాత వ్యాసాలను పట్టించుకోనక్కర లేదు. ఆటో మాట్లాడేటప్పుడు "ధనుష్కోటి" అంటే సరిపోదు, "అరిచల్‌మునై దాకా, తిరుగుదారిలో కోదండరామస్వామి గుడి, పాత ఊరి శిథిలాల దగ్గర ఆగుతూ, మూడున్నర గంటలు" అని పూర్తిగా చెప్పాలి. కొందరు శిథిలాల దగ్గరే తిప్పేసి అదే చివర అంటారు.

7.3 ముందు కొసకు, తర్వాత వెనక్కి. వెళ్లేటప్పుడు ఎక్కడా ఆగవద్దు. నేరుగా అరిచల్‌మునైకి చేరుకుని, జనం లేని ఆ గంటను అక్కడ గడిపి, మిగతావన్నీ తిరుగుదారిలో చూసుకోవాలి.

వెళ్లే దారిలో కుడిచేతి వైపు మన్నారు సింధుశాఖ, ఎడమచేతి వైపు బంగాళాఖాతపు నీరు. ఇక్కడివారు కుడివైపు దానిని ఆణ్ కడల్, అంటే మగ సముద్రమని, ఎడమవైపు దానిని పెణ్ కడల్, ఆడ సముద్రమని పిలుస్తారు. రోడ్డుపై నిలబడి రెండు వైపులా ఒక్కొక్క నిమిషం చూస్తే ఆ పేర్లెందుకో తెలుస్తుంది: ఒకవైపు అలలు రాళ్లను కొట్టి నురగలు కక్కుతుంటే, మరోవైపు నీరు చెరువులా కదలక ఉంటుంది. వానాకాలం మారినప్పుడు ఈ తీరు కూడా తారుమారవుతుంది.

అశోక స్తంభం ఉన్న వలయం దగ్గర రోడ్డు ముగుస్తుంది. అక్కడి నుంచి ఇసుకలో నడవవచ్చు. ఆ కొస ఏడాది పొడవునా ఒకేలా ఉండదు, అలలు దానిని ఒకసారి పొడిగించి ఒకసారి కోసేస్తుంటాయి. ఎంత శాంతంగా కనబడినా ఇక్కడ స్నానానికి దిగవద్దు. రెండు నీళ్లు కలిసే చోట ప్రవాహం అడుగున లాగుతుంది, మోకాలి లోతులోనే కాలి కింది ఇసుక జారిపోతుంది. కాశీ యాత్ర సంప్రదాయం ప్రకారం సేతువు ఇసుక తీసుకునే కుటుంబాలవారు పొడి ఇసుక చోటే తీసుకుని, నీటి అంచుకు పెద్దవారిని తీసుకెళ్లకుండా ఉంటే మంచిది.

7.4 శిథిలాలు. తిరుగుదారిలో పాత ఊరి దగ్గర దిగాలి. 1964 డిసెంబరు 22 రాత్రి వచ్చిన తుపానులో ఈ ఊరు, దానికి వస్తున్న ప్రయాణికుల రైలు కొట్టుకుపోయాయి. చర్చి, రైల్వే స్టేషను, నీళ్ల ట్యాంకుల మొండి గోడలు మిగిలాయి. చర్చి గోడ దగ్గరికి వెళ్లి చూస్తే ఇటుకలకు బదులు పగడపు రాళ్లు కనబడతాయి. పువ్వు రేకుల్లా, తేనెపట్టు గదుల్లా ఉన్న వాటి గీతలు సున్నం రాలిన చోట స్పష్టంగా తెలుస్తాయి. గోడలు ఎక్కవద్దు, వాటికి ఆనుకుని కూర్చోవద్దు, అవి నిజంగానే రాలిపోతున్నాయి. వందలాది మంది ప్రాణాలు పోయిన చోటు కనుక ఫోటోల కోసం అరుపులు, కేరింతలు ఇక్కడ తగవు.

చుట్టుపక్కల గుడిసెల్లో మత్స్యకార కుటుంబాలు నివసిస్తున్నాయి. ఇసుకలో కొద్ది లోతు తవ్విన చిన్న చెలమలలోని మంచి నీటిని వారు చిప్పలతో తోడుకుంటారు. ఆ చెలమల్లో చేతులు, కాళ్లు కడుక్కోకూడదు. వేయించిన చేపలు, పుచ్చకాయ, కొబ్బరి బోండాలు అమ్మేవారు వారే, ఏదైనా కొనాలనుకుంటే ఇక్కడే కొనడం బాగుంటుంది.

7.5 కోదండరామస్వామి గుడి. విభీషణ శరణాగతి జరిగిన చోటని చెబుతారు. 1964 తుపానుకు నిలిచిన కట్టడం ఇది. గుడికి వెళ్లే పక్కదారికి రెండు వైపులా లోతు లేని నీళ్లుంటాయి. చలికాలంలో రాజహంసల గుంపులు దిగేది ఇలాంటి మడుగుల్లోనే. ఈ ప్రాంతాన్ని 2025లో రాజహంసల అభయారణ్యంగా ప్రకటించారు. దగ్గరికి వెళ్లి ఎగరగొట్టకుండా, రోడ్డు మీది నుంచే చూడాలి.

ధనుష్కోటికి బయలుదేరే ముందు సరిచూసుకోవలసినవి:

- నీళ్లు, టోపీ, కొద్దిగా తినుబండారాలు
- మరుగుదొడ్డి అవసరం గదిలోనే తీర్చుకోవడం. దారిలో సదుపాయాలు చాలా తక్కువ.
- ఫోను పూర్తి ఛార్జింగ్. కొస దగ్గర సిగ్నల్ నిలకడగా ఉండదు. కొన్నిసార్లు శ్రీలంక టవరు తగులుతుంది కాబట్టి రోమింగ్ ఆపివేయాలి.
- ఆటోతో మాట్లాడుకున్న మొత్తం, ఆగే చోట్లు

## 8. రెండవ రోజు మధ్యాహ్నం: పాంబన్ వైపు

పదిన్నరకు పట్టణానికి వచ్చి, భోజనం, విశ్రాంతి తర్వాత మూడు గంటలకు పడమర దిక్కుగా బయలుదేరాలి. చూడవలసినవన్నీ ఒకే ప్రధాన రహదారిని పట్టుకుని ఉన్నాయి కనుక వెనక్కి తిరిగే అవసరం రాదు.

మొదట పేయ్‌కరుంబులోని కలాం స్మారకం. 2017 జూలై 27న ప్రారంభమైంది, లోపల ఫోటోలు తీయనివ్వరు. పిల్లలుంటే గంట, లేకపోతే అరగంట.

తర్వాత తంగచ్చిమడం దగ్గర విల్లూండి తీర్థం. ఒడ్డు నుంచి చిన్న వంతెన మీదుగా సముద్రంలోకి నడిస్తే, చుట్టూ ఉప్పు నీరున్న చోట ఒక బావి ఉంటుంది. దాని నీళ్లు తోడించుకుని నాలుకపై వేసుకుని చూడాలి, మంచి నీరు. రాముడు విల్లు గుచ్చి సీతమ్మ దాహం తీర్చాడన్నది స్థల కథ.

ఐదు గంటలకు పాంబన్ చేరాలి. రోడ్డు వంతెనపై వాహనం ఆపి ఫోటోలు తీసుకోవడం ప్రమాదకరం, ఆ గాలికి టోపీలు, ఫోన్లే కాదు, చిన్న పిల్లలు కూడా నిలదొక్కుకోలేరు. వంతెన దాటకుండా, పాంబన్ ఊరి వైపు కిందికి దిగి తీరం నుంచి చూడడమే సరైన పద్ధతి. కొత్త రైలు వంతెన 2 కి.మీ. పైచిలుకు పొడవుంటుంది. ఓడలకు దారి ఇవ్వడానికి దాని మధ్యలోని 72.5 మీటర్ల భాగం నిలువుగా పైకి లేస్తుంది. ఓడలు రోజూ రావు గనుక ఆ దృశ్యం అదృష్టం మీద ఆధారపడినది. రైలు వెళ్లే సమయం మాత్రం ముందే చూసుకుని వెళ్లవచ్చు.

సూర్యాస్తమయానికి పాంబన్ దక్షిణాన ఉన్న కుందుకాల్ తగిన చోటు. పాశ్చాత్య దేశాల నుంచి తిరిగివస్తూ వివేకానందుడు 1897 జనవరి 26న భారత నేలపై అడుగుపెట్టింది ఇక్కడే, ఆయన స్మారక మందిరం ఉంది. జనం తక్కువ, గాలి నిండుగా ఉంటుంది.

## 9. తరచుగా జరిగే పొరపాట్లు, వాటికి సవరణలు

ధనుష్కోటి గేటు మూసేశారు. ఆ సాయంత్రం కోదండరామస్వామి గుడి వరకైనా పంపుతారేమో అడిగి, మరునాడు ఉదయం ఆరుకు మళ్లీ వెళ్లాలి. అందుకే ధనుష్కోటిని చివరి రోజు సాయంత్రానికి పెట్టకూడదు.

దర్శనం కాకుండానే గుడి మూశారు. గుడి తిరిగి తెరిచే మూడు గంటలకే వరుసలో ఉండాలి. ఆ రోజు గంధమాదనం వదిలేసి, దానిని రెండవ రోజు పాంబన్ ప్రయాణానికి ముందు చేర్చుకోవచ్చు.

22 బావులూ చేయలేకపోయారు. ఓపిక లేనివారు ఆగిపోవచ్చు. వెంట ఉన్నవారు చిన్న సీసాలో నీరు తెచ్చి ప్రోక్షణ చేయడం ఇక్కడ మామూలే. జ్వరం, గుండె జబ్బు, ఇటీవలి శస్త్రచికిత్స ఉన్నవారు మొదటి నుంచే ఈ పద్ధతి ఎంచుకోవాలి.

పగడపు ముక్కలు కొన్నారు. తీరంలో దొరికినా, ఎవరైనా అమ్మినా తీసుకోవద్దు. పగడాలు వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షితాలు, దగ్గర ఉంచుకోవడమే నేరం. శంఖాలు, గవ్వల వస్తువులు కొంటే దుకాణం బిల్లు తీసుకోవాలి.

భాష రాక ఇబ్బంది పడ్డారు. గుడి చుట్టూ తెలుగు, హిందీ చాలావరకు నడుస్తాయి. ఆటోవారితో నాలుగు తమిళ మాటలు చాలు: ఎవ్వళవు అంటే ఎంత, వేండాం అంటే వద్దు, తణ్ణి అంటే నీళ్లు, నిఱుత్తుంగ అంటే ఆపండి. చివర "అణ్ణా" చేర్చితే బేరం సగం కుదిరినట్టే.

## 10. తిరుగు ప్రయాణంలో సగం రోజు మిగిలితే

మదురై వైపు కారులో వెళ్లేవారు రామనాథపురం దగ్గర ఆగి రెండు చోట్లు చూసుకోవచ్చు. ఒకటి తిరుప్పుల్లాణి, దర్భశయన రాముడి క్షేత్రం. రెండవది దేవీపట్టణం, ఇక్కడ సముద్రపు నీటిలో నిలిపిన నవగ్రహ శిలల దగ్గరికి నడకదారి వేశారు. రెండూ రామనాథపురానికి రెండు వేర్వేరు దిక్కుల్లో ఉన్నాయి. సమయం ఒక్కదానికే ఉంటే దేవీపట్టణం ఉదయం పూట, తిరుప్పుల్లాణి సాయంత్రం పూట అనువుగా ఉంటాయి. ఈ గుడులు కూడా మధ్యాహ్నం మూసి ఉంటాయి కనుక, రామేశ్వరం నుంచి ఉదయం ఏడు గంటలకు ముందే బయలుదేరాలి.